గీతకి ఇవతలి టమాటాలు

డిపోలో అతన్ని చిటపట అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినందుకు బాధపడినవాడూ లేడు. బస్సులు కడిగే షెడ్డు వెనక టైర్లు దొర్లించడం, ఆవరణ ఊడవడం, గోడవారగా మొలిచే కలుపుకి మందు కొట్టడం అతని పని. గేట్లో అడుగు పెట్టింది మొదలు సూపర్‌వైజర్ మీదా, టైర్ల మీదా, ఎండ మీదా గొణుగుతూనే ఉంటాడు. ఇంటికొచ్చాక గొణగడానికి ఒక్క మనిషే మిగులుతాడు. తోడల్లుడు.

ఒకే ఇంట్లో కింది వాటా తోడల్లుడిది, పై వాటా ఇతనిది. అక్క అతని భార్య, చెల్లెలు ఇతని భార్య. అక్కాచెల్లెళ్ళు ఒకచోట ఉంటే ఒకరికొకరు ఆసరా అని ఎవరో అంటే, నమ్మి అద్దెకి దిగారు. నీళ్ళ మోటారు ఎవరు ఆపాలన్న దగ్గర మొదలైన తగువు, ఆ మోటారు కాలిపోయి కొత్తది వచ్చినా చల్లారలేదు. తోడల్లుడు ఏసీలు బాగుచేసే మెకానిక్. నోరు మాత్రం ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. అతని గుమ్మం ఇతను తొక్కడు, ఇతని గుమ్మం అతను తొక్కడు, పెళ్ళాలనీ తొక్కనివ్వరు. ఇక అక్కాచెల్లెళ్ళకి మిగిలింది మేడ ఒక్కటే. ఆరేసిన బట్టలు తీసే వంకతో సాయంత్రం పైకెక్కితే, రెండు చీరలు మడతపెట్టడానికి వాళ్ళకి పొద్దుగూకేది.

ఆ మేడ మీదే రెండిళ్ళ టమాటా మొక్కలూ పాత పెయింటు బకెట్లలో ఉండేవి. మధ్యలో చిటపట బొగ్గుతో గీత గీశాడు. వానకి చెరిగినప్పుడల్లా మళ్ళీ గీసేవాడు, ప్రతిసారీ జానెడు అటు జరిపి. కనిపెట్టిన తోడల్లుడు ఒకనాడు ఎర్ర పెయింటు తెచ్చి పాత చోటే గీశాడు.

ఆ ఏడు చిటపట మొక్కల ఆకుల కింద తెల్లదోమ చేరింది. పెద్ద విషయమేం కాదు. డిపోలో స్ప్రేయర్ ఊరికే మూలన పడి ఉంటుంది కదా అని సెలవుకి ముందురోజు భుజాన వేసుకొచ్చి, సబ్బునీళ్ళు కలిపి కొట్టాడు. దోమ పోయింది. పోయిన కొన్నాళ్ళకే మొక్కలకి ఇంకేదో పట్టుకుంది. లేత చిగుళ్ళు వెడల్పవకుండా ఈకల్లా సన్నగా సాగాయి. కాడలు కొక్కేల్లా వంకర తిరిగాయి. పూలు పూసినట్టే పూసి రాలిపోయాయి.

చిటపట కిందా మీదా పడ్డాడు. ఆకు తిప్పి చూస్తే పురుగు లేదు. ఒక మొక్కని పెకలించి చూస్తే వేరు తెల్లగా ఉంది, బుడిపెలు లేవు, కుళ్ళు వాసన లేదు. మట్టిలో వేలు గుచ్చితే తడి సరిపడా ఉంది. ఒక కొమ్మ తుంచి, పురుగుమందుల కొట్టుకి పట్టుకెళ్ళాడు.

"ముడత. వైరస్సు. పీకి అవతల పారెయ్," అన్నాడు కొట్టువాడు, కొమ్మని ముట్టుకోకుండానే.

"వైరస్సయితే గీత చూసి ఆగుతుందా? అవతల మా తోడల్లుడివి నిగనిగలాడుతున్నాయి!"

"అది నాకు చెప్పి రాలేదయ్యా. నీ వెనకాల మనుషులున్నారు, జరుగు."

చిటపట పీకలేదు. వారం వారం స్ప్రేయర్ తెచ్చి ఒకసారి వేపనూనె, ఒకసారి పుల్లమజ్జిగ కొట్టాడు. కొట్టేకొద్దీ మెలికలు ఎక్కువయ్యాయి. నీళ్ళ ట్యాంకు వెనక ఇరుకులో, గొట్టం అందని చోట ఉన్న ఒక్క మొక్క మాత్రం నిక్షేపంగా ఉంది. దాన్ని చూశాక అతనికి అనుమానం తీరిపోయింది. దొంగచాటుగా వచ్చినవాడి చెయ్యి అక్కడిదాకా పోలేదన్నమాట!

ఆ సాయంత్రం అందరూ మేడ మీదుండగానే గీత దాటాడు.

"ఏసీలు కడిగే యాసిడ్డు నా బకెట్లలో పోశావా లేదా? అది చెప్పు ముందు."

"యాసిడ్డు నాకేమన్నా ఊరికే వస్తుందా, నీ మొక్కల మీద తగలెయ్యడానికి?"

"మరి నావే ఎందుకు మెలికలు తిరిగాయి?"

"నీళ్ళు పోసే మనిషిని చూసి తిరిగుంటాయి. ఒకే ఇంట్లో ఉన్న పాపానికి మేమే తిరిగిపోతున్నాం, అవెంత!"

చెల్లెలు పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంది. అది చిటపట కంటపడింది. అరికాలి మంట నెత్తికెక్కి, కాయలతో వంగి ఉన్న అవతలి మొక్కనొకదాన్ని వేళ్ళతో సహా లాగి నేలకేసి కొట్టాడు.

"ఏమయ్యా, అది నేను పెట్టుకున్న మొక్క," అంది వదిన. అరవలేదు. అరిచి ఉంటే అతనికి బాగుండేది.

తోడల్లుడు కాలర్ పట్టుకున్నాడు. బకెట్లు దొర్లాయి. ఆ చప్పుడికి కింద వెనకగదుల్లో ఉంటూ అద్దె వసూలు చేసుకునే ఇంటావిడ మోకాళ్ళు పట్టుకుని, మెట్టుకో తిట్టు తిడుతూ పైకొచ్చింది.

"నువ్వు పీకింది కనపడుతూనే ఉంది. అతను పోశాడో లేదో నాకు తెలీదు. తేలేదాకా మేడకి తాళం. తప్పెవరిదో తేలితే వాళ్ళ బకెట్లు దిగుతాయి, మిగతావాళ్ళకి తాళం తీస్తాను. తేలకపోతే ఎవరికీ లేదు, పోండి!"

తాళంచెవి నడుముకి దోపుకుని దిగిపోయింది.

మర్నాటి నుంచి తడిబట్టలు కిటికీ ఊచల మీద వేలాడుతూ గదిలోకి కారాయి. చెల్లెలు పై మెట్టు మీదా, అక్క కింది మెట్టు మీదా నిలబడి గుసగుసలాడుకునేవాళ్ళు. తోడల్లుడు దగ్గితే అక్క లోపలికి పోయేది. చిటపట గొంతు సవరిస్తే చెల్లెలు లోపలికి వచ్చేది.

"మీ ఇద్దరి మొహాలూ చూడకుండా కూర్చునే జాగా మాకు అదొక్కటే," అంది భార్య, కంచం అతని ముందుకి తోసి. "నీకు కావలసింది టమాటాలా, మా బావతో గొడవా? ఏదో ఒకటి తేల్చుకో."

"వాడు ఒప్పుకుంటే క్షణంలో తేలుతుంది."

"చెయ్యనిది ఎలా ఒప్పుకుంటాడు?"

"నీకు వాడి మీద ఎంత నమ్మకమో!"

ఆ తరవాత ఆమె మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, అంతే.

ఒకరోజు డిపోలో చేతిలోంచి జారిన టైరు దొర్లుకుంటూ పోయి గోడవార పడింది. దాన్ని తిట్టుకుంటూ వెళ్ళిన చిటపట అక్కడే ఆగిపోయాడు. తను కలుపుమందు కొట్టిపోయిన చోటు అది. కొట్టడం, పోవడం, మళ్ళీ ఎండిపోయాక ఊడవడం తప్ప మధ్యలో ఏమవుతుందో అతనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూస్తే, ఇంకా చావని కలుపుమొక్కల కాడలు కొక్కేల్లా తిరిగి ఉన్నాయి. చిగుళ్ళు ఈకల్లా ఉన్నాయి. అచ్చం తన టమాటాల్లాగే.

గొంతుక్కూర్చుని, బస్సు కడిగేవాణ్ణి కేకేశాడు. "ఒరేయ్, ఇవిలా ఎందుకయ్యాయిరా?"

"నువ్వు కొట్టిన మందేగా. చచ్చేముందు అలాగే మెలికలు తిరుగుతాయి."

"ఆ స్ప్రేయర్‌లో వేరే మందు కొడితే?"

"రోజూ తిట్టుకుంటావే, ఆ టమాటాలకి కొట్టావేంటి కొంపదీసి?"

"అడిగినదానికి చెప్పు. కడిగే కొట్టాను. నీళ్ళు పోసి బాగా కుదిపాను."

"నీళ్ళకి పోతుందా అది! గొట్టంలో ఉండిపోతుంది. చాకలిసోడా వేసి నానబెట్టాలని మందు సీసా మీద రాసుంది."

"రాసినవన్నీ చదివేవాడినైతే ఇక్కడ టైర్లెందుకు దొర్లిస్తాను!" అని కసిరాడు గానీ, గొంతులో పస లేదు. ట్యాంకు వెనక మొక్క కళ్ళముందు మెదిలింది. చెయ్యి అందక కాదు, గొట్టం అందక బతికింది. అవతలివాటికి తన స్ప్రే తగల్లేదు, అంతే. మొక్కలకి పట్టిన తెగులూ తనే, వారం వారం చేసిన వైద్యమూ తనే.

దారిపొడవునా లెక్కలేసుకున్నాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. తాళం అలాగే ఉంటుంది. తనకి మేడ లేకపోతే పోయింది, తోడల్లుడికీ ఉండదు. ఆ ఆలోచన నోట్లో బెల్లంముక్కలా ఉంది. ఇంటికొచ్చేసరికి చెల్లెలు పై మెట్టు మీద నిలబడి ఏదో చెబుతోంది. అక్క కింది నుంచి మెడ రిక్కించి వింటోంది. ఇతన్ని చూడగానే ఇద్దరూ మాట మధ్యలో తుంచేసి, దొంగల్లా చెరో తలుపులోకి తప్పుకున్నారు. తను దొంగతనం పట్టుకున్నవాడిలా అక్కడ నిలబడిపోయాడు.

చెప్పులు విప్పకుండానే వెళ్ళి ఇంటావిడ తలుపు కొట్టాడు. "మందు నాదే. కొట్టిందీ నేనే. డిపోలో కలుపుకి కొట్టేది కడిగీ కడక్కుండా తెచ్చాను. తాళం తియ్యండి."

తోడల్లుడు అప్పటికే గుమ్మంలోకి వచ్చి వింటున్నాడు. చిటపట అతని వైపు తిరిగాడు.

"నువ్వు పొయ్యలేదు. పోసుండేవాడివే, నీకు తట్టలేదు, అంతే."

"క్షమాపణ అడిగేది ఇలాగేనా?"

"అడిగానని ఎవరన్నారు? ఉన్నమాట చెప్పాను."

"ఆడవాళ్ళు ఎప్పుడైనా ఎక్కొచ్చు. నువ్వు మాత్రం మళ్ళీ మేడ మెట్టెక్కితే ఊరుకోను. బకెట్లు దించేటప్పుడే ఆఖరు," అంది ఇంటావిడ.

బకెట్లన్నీ అతనే మోసి దించాడు. మట్టి కూడా పనికిరాదని మొక్కలతో పాటే చెత్తలో పోశాడు. ట్యాంకు వెనక మొక్కని ఉంచెయ్యమని వదిన అంది గానీ, "మావాటి పక్కన వాడిది ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు," అన్నాడు తోడల్లుడు. సాయం పట్టలేదు సరికదా, సగం మెట్లకి అడ్డంగా నిలబడి, "చూసుకో, నా గోడకి రాసుకుంటోంది," అంటూనే ఉన్నాడు. చిటపట పళ్ళు నూరాడు. మోయడం ఆపలేదు. వదిన మొక్క గురించి ఏదో అందామని ఒకసారి నోరు తెరిచాడు. ఆమె పక్కకి తప్పుకుని దారిచ్చింది. బకెట్టు మోసుకుంటూ దిగిపోయాడు.

మర్నాడు సాయంత్రం అక్కాచెల్లెళ్ళు మేడెక్కారు. చిటపట తన గుమ్మంలో కూర్చున్నాడు. కింద తోడల్లుడు తన గుమ్మంలో కూర్చున్నాడు. పైనుంచి వదిన గొంతు బొంగురుగా పెట్టి, "పోసుండేవాడివే, నీకు తట్టలేదు, అంతే!" అంది. చెల్లెలు పగలబడి నవ్వింది.

"నిన్నే ఆడిపోసుకుంటున్నారు," అన్నాడు తోడల్లుడు కిందనుంచి, తల ఎత్తకుండా.

అంతలో చెల్లెలు గొంతు మార్చింది. "చూసుకో, నా గోడకి రాసుకుంటోంది!"

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. తోడల్లుడు లేచి తలుపు దభీమని వేసుకున్నాడు. చిటపట కూడా వేసుకున్నాడు, అంతకంటే గట్టిగా. మేడ మీద నవ్వు మాత్రం ఆగలేదు.