డబ్బాలో సగం గోడ

గోదావరిఖని పాత క్వార్టర్లలో కుతుబుద్దీన్‌ను ఎరగనివారు లేరు. బొగ్గు గనుల కంపెనీ వర్క్‌షాపులో మొదటి షిఫ్టు దిగి వచ్చి, ఇంటి ముందు రేకులు పరుచుకుని కూర్చుంటే ఆ వరుసంతా టకటకమని మోగేది. బియ్యం డబ్బా చేసినా సరే, నీళ్లు నింపి ఒక పూట చూడనిదే ఇచ్చేవాడు కాదు. ముప్పై ఏళ్లలో ఒక్క డబ్బా తిరిగి రాలేదన్నది ఆయన గొప్ప.

"బియ్యం కారుతయా కుతుబన్నా?" అని పక్కింటి సారవ్వ ఎగతాళి చేసేది. అందుకు ఆమె బయటికి రావలసిన పని కూడా లేదు. ఆ క్వార్టర్లలో రెండిళ్లకు నడుమ గోడ ఒకటే, అదీ పైకప్పు దాకా పోదు, మూరెడు ఖాళీ. ఇటు పోపు వేస్తే అటు తుమ్మేవారు.

తొంభై ఏడు ఎండాకాలంలో సారవ్వ కూతురు అనసూర్య ఒక కాగితం పట్టుకుని వచ్చింది. పాలిటెక్నిక్‌లో తోటివాళ్లతో కలిసి చిన్న రేసు కారు తయారు చేసింది. ఎల్లుండి హైదరాబాదులో పోటీ. తనిఖీ దాటితేనే బండిని పరుగుకు వదులుతారు.

"ఇంజన్ల నీళ్లు పొంగినా, నూనె పొంగినా కింద పడొద్దు కాకా. ఎనుకొచ్చే బండ్లు జారుతయట. నీళ్లకొక డబ్బా, నూనెకొక డబ్బా ఉండాలె. రెండు కలవొద్దు. మసిలే నీళ్లు పోసినా వంకర పోవద్దు. కని సీటెనుక జాగ ఒక్క డబ్బాకే ఉన్నది."

కుతుబుద్దీన్ కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు. "ఒక్క డబ్బాల నడుమ గోడ పెడ్త. రెండైతయి. ఫికర్ చెయ్యకు బిడ్డా."

మర్నాడు పొద్దుటికల్లా డబ్బా తయారు. మసిలే నీళ్లు నింపితే చుక్క కారలేదు, వంకర పోలేదు. ఇంట్లో కూర్చుని మూత పెట్టబోతుంటే రెండిళ్ల నడుమ గోడ పైనుంచి, స్టూలెక్కిన సారవ్వ ముఖం కనిపించింది.

"కుతుబన్నా, నడుమ గోడ మూతకు తాకుతలేదేంది?"

"గోడంటే గంతనే ఉంటది గద సారక్కా. మనదెట్లున్నది?"

"మనది గట్ల ఉన్నదనే అడుగుతున్న. మొన్న నువ్వు నీ ఇంట్ల కూసోని నన్ను పోలీసు ఠాణా అన్నది నాకెట్ల ఇనవడ్డది?"

కుతుబుద్దీన్ సుత్తి పక్కన పెట్టాడు. డబ్బాలోని ఒక గదిలో పసుపు నీళ్లు, రెండో గదిలో మంచినీళ్లు పోసి, మూత బిగించి ఊపాడు. తీసి చూస్తే రెండూ పచ్చగా ఉన్నాయి. ఇన్నేళ్లు ఆ గోడ పక్కన బతికిన మనిషికి, గోడను పైదాకా లేపాలని తోచనే లేదు.

ఆ రోజు డ్యూటీకి నాగా పెట్టాడు. నడుమ గోడను అంచుదాకా లేపి, ఒక్కో గదికి ఒక్కో మూత చేసి, మళ్లీ పసుపు నీళ్లు పోశాడు. ఈసారి కలవలేదు. అయినా తృప్తి కాక, ఒక మూత మీద తన క్వార్టరు నంబరు, రెండో మూత మీద సారవ్వ నంబరు రంగుతో రాశాడు.

డబ్బా హైదరాబాదు పోయి వచ్చేదాకా ఆయనకు అన్నం సయించలేదు. అనసూర్య బస్సు దిగి నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది.

"డబ్బా ఒకటే ఉన్నదని తనిఖీ సారు కొట్టేయబోయిండు కాకా. గీ నంబర్లేందన్నడు. మా క్వార్టర్ల లెక్కనే సార్, గోడ ఒకటి, ఇండ్లు రెండు అని చెప్పిన. నీళ్లు పోసి ఊపి చూసి, నవ్వుకుంట సంతకం పెట్టిండు. కని మూడో చుట్టుల బండే ఆగిపోయింది."

"డబ్బా కారిందా?"

"లేదు."

"అయితె సరి," అన్నాడు కుతుబుద్దీన్. బండి ఎందుకు ఆగిందో అడగనేలేదు.

ఆ సాయంత్రం మిగిలిన రేకు పట్టుకుని, ఇంటి గోడ మీది ఖాళీ మూయడానికి స్టూలెక్కాడు. అవతల సారవ్వ అప్పటికే ఎక్కి ఉంది.

"మూస్తె మూయి అన్నా. రేపటిసంది నీ డబ్బాలకు వంకలెవరు పెడ్తరు?"

కుతుబుద్దీన్ రేకుతో సహా దిగాడు. ఆ రేకుతో సారవ్వకు స్టవ్వులో కిరసనాయిలు పోసుకునే గరాటు చేసి, గోడ మీంచే అందించాడు. దాన్ని కూడా నీళ్లు పోసి చూశాకే.