తెగ పేరు లేని పాట

కైరోలోని అర్ద్ అల్లివా పేటలో మా వీధి చివర సూడానీ ఆడవాళ్ల అలంకరణ దుకాణం ఒకటి ఉంది. అక్కడ గోరింట పెట్టే కల్తూమా సెలవు దినాల్లో ర్యాప్ పాడుతుంది. పుట్టింది సూడాన్‌లోని దార్‌ఫూర్ ప్రాంతపు న్యాలా పట్నంలో, ఎనిమిదో ఏట కైరో చేరింది. కూరగాయల బేరం ఈజిప్టు యాసలో ఆడుతుంది, పాట మాత్రం దార్‌ఫూర్ యాసలోనే కడుతుంది.

ఆ కట్టే నేర్పు ఆమెకు పిన్ని అష్తా నుంచి వచ్చింది. అష్తా ఒకప్పుడు హక్కామా. మగవాళ్ల ధైర్యాన్ని పొగిడి, పిరికితనాన్ని ఎండగడుతూ ఆశువుగా పాడే స్త్రీని మా వైపు అలా పిలుస్తారు. ఆమె పాట విని పోరుకు వెళ్లినవారిలో కొందరు తిరిగి రాలేదు. ఆమె కొడుకు వారిలో ఒకడు. కైరో వచ్చిన నాటి నుంచి ఆమె పాడలేదు. కల్తూమా పాటలను మెచ్చుకోనూ లేదు, వద్దనీ అనలేదు.

హక్కామా పాటను తెగ పేరుతో, తాతల పేర్లతో ఎత్తుకోవడం ఆచారం. శుక్రవారం మధ్యాహ్నం సూడానీ సంఘం హాలులో పాడవలసిన ర్యాప్‌ను కల్తూమా అలాగే ఎత్తుకునేలా కట్టింది. సంగీతం సమకూర్చే బఖీత్ ముందే అభ్యంతరం చెప్పాడు.

“ఆ మొదటి చరణం కోసెయ్యవే తల్లీ. హాల్లో సగంమంది అవతలి తెగవాళ్లు. మనవాళ్లు తగలబెట్టిన ఇళ్లు వాళ్లు మరిచిపోలేదు. వాళ్లు తోలుకుపోయిన మంద మనం మరిచిపోలేదు.”

“తాతల పేర్లు లేకుండా పాడితే నేనెవర్ని? టోపీ తిరగేసి పెట్టుకున్న పిల్లనా?”

“టోపీ బాగానే ఉందిలే. పేర్లతోనే చిక్కు.”

ఆమె వినలేదు. హాలంతా తనను తమ పిల్లగా వినాలన్నదే ఆమె కోరిక. ఇంటి పేరు చెప్పని పిల్లను ఎవరు తమదనుకుంటారన్నది ఆమె వాదన.

పాట నచ్చితే మావాళ్లు లేచి వచ్చి, చేయి పైకెత్తి, పాడేవారి తల మీదుగా చిటికెలు వేస్తారు. ఆ శుక్రవారం మొదటి చరణానికే ఎడమవైపు, కల్తూమా తెగవాళ్ల వరుసలు లేచాయి. కుడివైపు చేతులు ఒళ్లలోనే ఉండిపోయాయి. అక్కడి నుంచి పసుపు తోబ్‌ను చీరలా ఒళ్లంతా చుట్టుకున్న ఒకామె పసిపిల్లను చంకనెత్తుకుని తలుపు వైపు నడిచింది. ఆమె వెనుక మరి కొందరు లేచారు.

కల్తూమా సంగీతం ఆపించింది. ఆపైన ఏం చేయాలో ఆమెకు తోచలేదు. వెనుక వరుస నుంచి అష్తా గొంతు వినిపించింది.

“నోటితో వేసిన ముడి నోటితోనే విప్పాలే! బొమ్మలా నిలబడితే విడిపోతుందా?”

కల్తూమా తలుపు వైపు తిరిగింది. “అత్తా! పసుపు తోబ్ అత్తా! వెళ్తే వెళ్లు గాని, మీదే ఊరో చెప్పి వెళ్లు.”

ఆమె ఆగింది. “కబ్‌కాబియా. నీకెందుకు?”

“పాటలో పెడతాను.”

“పెట్టడానికి అక్కడేం మిగిలింది?”

“మిగలనిదే చెప్పు.”

“మా అమ్మ నిమ్మచెట్లు,” అన్నదామె, పసిపిల్లను మరో చంకకు మార్చుకుంటూ.

కల్తూమా అరచేత్తో తొడ మీద దరువు వేస్తూ ఆ ఊరినీ ఆ చెట్లనూ చరణంలో పెట్టింది. కుడివైపు నుంచి ఎవరో తమ ఊరి పేరు “జాలింగే!” అని అరిచారు.

“అల్ జునైనాని మరిచిపోకు!”

“ఉమ్‌దుర్మాన్ వాళ్లకి చోటుందా బిడ్డా?”

“ఉంది మామా, కాస్త సర్దుకుని కూర్చుంటే!”

హాలు నవ్వింది. ఊళ్లు వచ్చినకొద్దీ పాట సాగింది. తాతల పేర్లు మళ్లీ రాలేదు. పసుపు తోబ్ ఆమె చిటికె వేయలేదు. తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నది.

ఆ సాయంత్రం అష్తా పొయ్యి మీద సంకటిలాంటి అసీదా పిండిలో తెడ్డు తిప్పుతూ అన్నది: “జాలింగే దగ్గర దరువు జారింది.”

“మరి ఎలా పడాలి పిన్నీ?”

 అష్తా తెడ్డు పైకి తీసి, గిన్నె అంచు మీద దరువు వేసి, ఆ ఒక్క పాదాన్నీ పాడి చూపింది. కల్తూమా మరోసారి అడిగింది. ఆమె మరోసారి పాడింది. ఈలోగా పిండి అడుగంటింది.