బయ్యమ్మ ఎదలో పెట్టె

పుంగనూరు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే బయ్యమ్మ దేనికీ జంకే మనిషి కాదని పేరు. ఒకసారి బియ్యం మూటల మధ్య జెర్రిపోతు కనబడితే పిల్లలంతా మంచాలెక్కి కేకలు పెట్టారు. ఆమె దాన్ని తోక పట్టుకుని దొడ్లోకి విసిరేసి, చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ సంగటి కెలకడం మొదలుపెట్టింది. మొగుడు పోయేనాటికి కొడుకు మురళి ఇంకా పలక పట్టలేదు. కూలికిపోయి వాణ్ణి సాకింది. తర్వాత హాస్టల్లో ఉద్యోగం దొరికింది. వాడు చదువుకుని మదనపల్లె టమేటా మండీలో గుమాస్తాగా కుదురుకున్నాడు. అంతటి మనిషికి చివరికి తన గుండె అంటేనే భయం పట్టుకుంది.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. పొద్దున్నే సంగటి కెలుకుతూ కెలుకుతూ కండ్లు బైర్లు కమ్మి, తెడ్డు చేతిలో ఉండగానే కింద పడింది. లేచి కూర్చుని నీళ్ళు తాగి, ఏమీ కాలేదంది. మర్నాడు మళ్ళీ పడింది. మురళి ఆమెను మదనపల్లెలో ఆదినారాయణ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

ఆయన పాతకాలం డాక్టరు. ముంజేయి పట్టుకుని కండ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఛాతీకి తీగెలు అంటించి కాగితం తీసి, దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు.

"బయ్యమ్మా, నీ గుండెలో పైగది పిలిస్తే కిందగదికి ఇనపడడం లేదు. నడుమ మాట అందించే తీగె చెడిపోయుండాది. బెంగుళూరులో ఒక చిన్న పెట్టె పెడతారు. గుండె కొట్టుకోడం మరిచిపోతే అది గుర్తు చేస్తాది."

"కరెంటుదా సామీ?"

"బ్యాటరీది. గడియారం మాదిరి. ఏం భయం లేదు."

బెంగుళూరులో ఎడమ భుజం కింద చర్మం కోసి పేస్‌మేకరు అనే అగ్గిపెట్టెంత పెట్టె పెట్టి కుట్టారు. తల తిరగడం ఆ పూటకే పోయింది. ఒళ్ళు తేలికైంది. మురళి మొహంలోకి మళ్ళీ నెత్తురు వచ్చింది. అంతా బాగుందనుకునే వేళకు పక్క మంచం మీది కోలారు ఆడమనిషి గొంతు తగ్గించి ఒక మాటంది.

"ఇది పెట్టినాంక సావు రాదంటక్కా. మా పక్కూర్లో ఒకాయనకు ఊపిరి నిలిచిపోయినా, లోపల ఇది కొట్టుకుంటానే ఉండెనంట."

ఆ మాట బయ్యమ్మలో దిగిపోయింది. బయ్యమ్మ వాళ్ళలో చనిపోయినవాళ్ళను కాల్చరు, పూడుస్తారు. తనను గోతిలో దించి మట్టి కప్పి అందరూ స్నానాలకు వెళ్ళిపోయాక, కింద చీకట్లో ఒంటరిగా ఈ పెట్టె గుండెను తడుతూనే ఉంటుందా? తను చచ్చినట్టా, చావనట్టా? ఎవరిని అడగాలో తెలియలేదు. అడిగితే నవ్వుతారని భయం, నవ్వకపోతే అంతకన్నా భయం.

ఊరికి వచ్చాక ఆమె నడకే మారిపోయింది. హాస్టల్లో కొత్తగా తెచ్చిన మిక్సీని ముట్టనంది. ఊరిబిండి పచ్చడి రోట్లోనే నూరింది. ట్రాన్స్‌ఫారం ఉన్న వీధి మాని చుట్టుదోవన పోయేది. టమేటా ధరలు మద్రాసుతో మాట్లాడాలని మురళి సెల్‌ఫోను కొంటే, అది మోగినప్పుడల్లా కొంగు ఎదకు అదుముకుని గోడకు ఆనుకునేది.

"అమా, దూరంగా పెట్టుకుంటే ఏం కాదని డాక్టర్లే చెప్పినారు గదా," అనేవాడు మురళి.

"వాళ్ళ ఎదలో ఉండాదేంట్రా పెట్టె? చెప్పేదానికేం!"

రెండువేల మూడులో, తనిఖీకి బెంగుళూరు దాకా పోనక్కరలేదని, కుప్పంలోని ఒక ఆసుపత్రికి మిషను తెచ్చి చూస్తున్నారని ఆదినారాయణ చీటీ రాసిచ్చాడు. మురళికి మండీలో సెలవు దొరకలేదు. ఆమె ఒక్కతే బస్సెక్కి పోయింది.

గదిలో మంచం మీద పడుకోబెట్టారు. బెంగుళూరు నుంచి వచ్చిన హేమంత్ అనే టెక్నీషియను, సూట్‌కేసులాంటి కంప్యూటరు తెరిచి, తీగె కట్టిన గుండ్రటి బిళ్ళను ఆమె పెట్టె మీద ఆనించాడు. చుట్టూ తెల్లకోట్ల విద్యార్థులు. అందరి మొహాలూ తెరవైపే. మంచంవైపు ఎవరూ చూడలేదు.

"ఇప్పుడు పెట్టె వేగం తగ్గిస్తాను. సొంత గుండె ఏం చేస్తుందో గమనించండి," అన్నాడు హేమంత్ ఇంగ్లీషులో. ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

అతను మీట నొక్కాడు.

బయ్యమ్మకు కప్పు దూరంగా పోయింది. చెవుల్లో హోరు. గొంతులోంచి మాట రాలేదు. కాళ్ళ కింద నేల తీసేసినట్టు లోపలికి, లోపలికి జారిపోతోంది. దూరంగా ఒక అమ్మాయి గొంతు వినపడింది. "అబ్బా, ఎంత క్లియర్‌గా కనబడుతోందో!" ఆ అమ్మాయి అశ్విని. మూడో సంవత్సరం చదువుతోంది.

హేమంత్ మళ్ళీ నొక్కాడు. కప్పు తిరిగి వచ్చింది.

"అంతే, అయిపోయింది. బ్యాటరీ బాగుంది," అన్నాడతను తెలుగులో, బిళ్ళ చుట్టుకుంటూ.

బయ్యమ్మ లేచి కూర్చుంది. జాకెట్టంతా చెమట. ఆ పిల్లవాడి వేళ్ళవంకే చూసింది. మురళి వయసువాడు. వాడొక మీట నొక్కితే తను పోతుంది, ఇంకో మీట నొక్కితే వస్తుంది. దేవుడి చేతిలో ఉందనుకున్న ప్రాణం వాడి చూపుడువేలి కింద ఉంది. ఈ పూట బ్యాటరీ బాగుంది సరే, రేపు వాడు పొరపాటున నొక్కితే? ఫోను వచ్చి మరిచిపోతే?

బస్సులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పుంగనూరు దాకా వచ్చింది. ఇక కుప్పం మొహం చూడనంది. మురళి బతిమాలాడు, అరిచాడు, అన్నం మానేశాడు. "నా పానం ఇంకోడి చేతికియ్యను," అనేది. అతను ఊళ్ళో లేనప్పుడు వెళ్ళొచ్చానని అబద్ధం కూడా చెప్పింది.

అట్లా మూడేండ్లు గడిచాయి. ఉన్నట్టుండి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. వంగి లేస్తే కప్పు దూరంగా పోయేది. అది ఏమిటో ఆమెకు తెలుసు. తెలుసు గనకే ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్ళీ ఆ మంచం, ఆ బిళ్ళ, ఆ వేలు. రోజూ పొయ్యి దగ్గర గోడకు ఒక చెయ్యి ఆనించి వంట చేసింది.

ఒక ఆదివారం గంజి వార్చబోయి తూలింది. గుండిగ ఒరిగి, మరిగే గంజి నేలంతా పారింది. పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లలు కేకలేస్తూ వెనక్కి దూకారు. ముందున్న పిల్ల పాదాన్ని ఒక వేలు ఎడంలో దాటిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు. "పెద్దమ్మా, నీకేమైనా అయిందా?" అని అడిగింది. బయ్యమ్మ తడి నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తన భయం తన ఒక్కదానిదే అనుకుంది ఇన్నాళ్ళూ.

మర్నాడు తనే మురళిని పిలిచి మదనపల్లె పోదామంది. ఆదినారాయణ నాడి చూసి మొహం గంభీరంగా పెట్టాడు. బ్యాటరీ అడుగంటింది, కుప్పంలో చూపించి బెంగుళూరులో పెట్టె మార్పించాలన్నాడు. మురళిని మందులకు పంపించి బయ్యమ్మ తలుపు వేసింది.

"సామీ, ఒక మాట. నేను సచ్చిపోతే ఇది సావనిస్తాదా? మన్నులో పెట్టినాంక కూడా కొట్టుకుంటానే ఉంటాదా?"

ఆయన నవ్వలేదు. కండ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఎన్నేండ్లుగా అనుకుంటాండావు ఈ మాట?"

"పెట్టిన కాడినుంచి."

"నన్ను అడగాల్సింది గదమ్మా. పెట్టె పిలుస్తాది, అంతే. పలకాల్సింది గుండె. పానం పోయిన గుండె ఎంత పిలిచినా పలకదు. నువ్వు పోవాల్సిన రోజు నిన్ను పట్టుకోడం దానివల్ల కాదు."

"పిలవడం?"

"బ్యాటరీ ఉన్నంతకాలం పిలుస్తాది. అది అబద్ధం చెప్పను. వద్దనుకుంటే, నువ్వు పోయినాంక తీసేయమని మురళికి చెప్పిపెట్టు. తీసేది చిన్నపని."

ఆమె కొంగు ఎదకు అదుముకుంది. అయినా ఇన్నేండ్లలో ఆ పెట్టె గురించి ఒక మనిషి తనకు సగం దాచకుండా చెప్పింది అదే మొదటిసారి.

కుప్పంలో మళ్ళీ అదే గది. హేమంత్ కాస్త లావయ్యాడు. అశ్విని ఇప్పుడు హౌస్ సర్జను. ఆమె బయ్యమ్మను గుర్తుపట్టలేదు. బయ్యమ్మ మాత్రం గొంతు వినగానే గుర్తుపట్టింది. బిళ్ళ దగ్గరికి రాగానే హేమంత్ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అప్పా, నొక్కేముందు నాకు చెప్పు. పోయినసారి చెప్పకుండానే నొక్కినావు. నేను సచ్చిపోయినాననుకున్నా."

హేమంత్ తడబడ్డాడు. "అది మామూలు టెస్టేనమ్మా, ఏమీ కాదు..."

"నీకు కాదు. నాకయ్యింది."

అశ్విని తెర దగ్గరనుంచి లేచి వచ్చి మంచం పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, ఇప్పుడు కొంచెం తగ్గిస్తాడు. తల తిరిగినట్టుంటుంది. నా చెయ్యి పట్టుకోండి. నొక్కితే చాలు, ఆపేస్తాడు," అంది.

బయ్యమ్మ గోళ్ళు దిగేలా పట్టుకుంది. కప్పు దూరంగా పోయింది. చెయ్యి నొక్కింది. కప్పు వచ్చింది. అశ్విని మణికట్టు మీద ఎర్రగా గుర్తులు పడ్డాయి.

బెంగుళూరులో పాత పెట్టె తీసి కొత్తది పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మురళికి చెప్పింది, తను పోయాక పూడ్చకముందే పెట్టె తీయించమని. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చింతామణి దాటాక "సరేమా" అన్నాడు.

భయం పోయిందా అంటే పోలేదు. తనిఖీ దగ్గరపడితే వారం ముందునుంచే ఆమెకు తిండి సయించదు. కానీ పోతుంది. మొన్న కుప్పంలో బెంచీ మీద పెద్దపంజాణి రైతు నల్లప్ప కూర్చుని ఉన్నాడు. కొత్తగా పెట్టె పెట్టినవాడు. చేతిలో చీటీని మడుస్తూ విప్పుతూ ఉన్నాడు. బయ్యమ్మ పక్కన చేరింది.

"తగ్గిస్తారు. తల తిరుగుతాది. మళ్ళా పెంచుతారు. చెప్పి చెయ్యమను. చెప్పకుంటే పడుకోవద్దు."

"నీకు బయమెయ్యదా అమ్మా?"

"యాల ఎయ్యదు?" అని, లోపల తన పేరు పిలవగానే, తడి అరచేతులు కొంగుకు తుడుచుకుని లేచింది.