మొదటి నీళ్లు

బూయెల్ వంట నేర్చుకున్నది ముప్పై ఆరో ఏట. అంతకుముందు ఆమె చేసినదాన్ని వంట అంటే పొయ్యి కూడా ఒప్పుకోదు. బంగాళదుంపలు ఉడకేయడం, పక్కన ఒక ఉప్పు చేప పడేయడం, రై రొట్టె కోయడం, అంతే. నీ చేతి తిండి తిని కూడా నీ మొగుడు టూవె ఇంకా నీ దగ్గరే ఉన్నాడంటే వాడిది నిజమైన ప్రేమే అని నేను మొహం మీదే అనేదాన్ని. నవ్వేసేది. తెల్లారేసరికి చక్కెర దుంపల పొలానికి పోయి, మోకాళ్లకి గోనెపట్టా కట్టుకుని, సాలు పొడుగునా పాకుతూ మొక్కలు పలచన చేసి వచ్చే మనిషికి వంట మీద ధ్యాస ఎక్కణ్ణుంచి వస్తుంది? నా సంగతీ అంతే.

మాది స్కోనె సీమలో చక్కెర మిల్లు వాళ్లు కట్టించిన ఇటుక ఇళ్ల బారు. బూయెల్‌కీ నాకూ మధ్య ఒకటే గోడ, వెనక ఒకటే పెరడు. వాళ్లింట్లో గరిటె కింద పడితే మా ఇంట్లో వినిపిస్తుంది. మొగుడు టూవె మిల్లులో బాయిలర్ల దగ్గర పని. అత్తగారు సిస్సా వెనక గదిలో ఉండేది. ఒక్కతే కూతురు, ఎల్నా. 1920 శరదృతువులో దానికి పదకొండేళ్లు.

ఆ ఏడు మిల్లు ఆడడం మొదలై, ఊరంతా ఉడికిన దుంపల తీపి కంపు కొడుతున్న రోజుల్లోనే ఎల్నాకి దాహం పట్టుకుంది. బాల్చీ ముందు కూర్చుని చెంబు తర్వాత చెంబు తాగేది. ఎంత తిన్నా గౌను వదులైపోయేది. బడి మేడమ్మ చెప్తే లుండ్ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆరు వారాల తర్వాత తిరిగొచ్చిన రోజు బూయెల్ మా వంటింట్లో కూర్చుని, నేనిచ్చిన కాఫీ ముట్టకుండా, అంతా చెప్పింది. పిల్ల ఒంట్లో చక్కెర నిలవదట, ఒంటికి పట్టదట. చక్కెరే కాదు, రొట్టె, బంగాళదుంప, పాలు, బఠాణీ, ఏది తిన్నా లోపల చక్కెరే అవుతుందట. దీనికి మందు లేదు, తిండే మందు అన్నారట. ఆకుకూరలు, క్యాబేజీ, కాలీఫ్లవర్ పెట్టొచ్చు. వాటినీ మూడుసార్లు ఉడకబెట్టాలి. ప్రతిసారీ నీళ్లు పారబోసి, గుడ్డలో వేసి పిండాలి. మిగిలిన పిప్పిని వెన్నతోనో కొవ్వుతోనో పెట్టాలి.

"ఎన్నాళ్లుంటుందని అడిగావా?" అన్నాను.

"అడిగాను. లెక్క తప్పకుండా పెడితే రెండేళ్లు, మూడేళ్లు. ఈలోపు ఎక్కడో ఎవరో మందు కనిపెట్టొచ్చు. తప్పితే వచ్చే శీతాకాలం చూడదన్నాడు వైద్యుడు." కాఫీ కప్పు పక్కకి జరిపి, "అయితే మూడేళ్లు వండుతాను" అంది.

చక్కెర చేసుకు బతికే ఊరు మాది. మా పిల్లల జేబుల్లో గోలీలకి బదులు చక్కెర గడ్డలు ఉంటాయి. అలాంటి చోట ఒక పిల్లకి ఈ జబ్బు ఇచ్చినవాడిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు. చర్చికి వెళ్తూనే ఉన్నాను కానీ ఆ ఒక్క విషయంలో ఆయనకీ నాకూ పడదు.

మూడుసార్లు ఉడికిన క్యాబేజీ ఎలా ఉంటుందో తెలియాలంటే అంట్లు తోమే తడిగుడ్డ నమిలి చూడాలి. ఎల్నా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, మెల్లగా పళ్లెంలో పెట్టేసింది. "అమ్మా, ఇందులో ఏమీ లేదు" అంది. ఏడవలేదు, అలగలేదు. అదే బూయెల్‌ని తినేసింది.

అప్పటినుంచి ఆమె వంట నేర్చుకోవడం మొదలుపెట్టింది. బారులో ఏ ఇంట్లోంచి మంచి వాసన వచ్చినా తలుపు తట్టి అడిగేది. పాస్టరుగారింటి వంటమనిషి దగ్గరికి నాలుగు మైళ్లు నడిచి వెళ్లింది. రుచంతా నీళ్లతో పోయింది కాబట్టి, దాన్ని మళ్లీ ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టాలి. పిండిన క్యాబేజీని పొయ్యి పక్కన గుడ్డ మీద పరిచి తడి ఆరేదాకా ఉంచేది. ఇనప పెనంలో పెద్దబాతు కొవ్వు పొగ వచ్చేదాకా కాచి, అందులో వేసి, కదపకుండా వదిలేసేది. తొందరపడి కలిపితే చెమ్మ ఊరి మళ్లీ గుడ్డ అయిపోతుందని కనిపెట్టింది. అంచులు గోధుమరంగు తిరిగాక షాజీరా నలిపి చల్లి, చివర్లో వెనిగర్ చిలకరిస్తే చుయ్యిమని ఆ ఘాటు గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. మా వైపు గోధుమరంగు క్యాబేజీ అంటే మొలాసిస్ పాకం పోసి చేసేదే. బూయెల్ చుక్క పాకం లేకుండా అంతకన్నా బాగా చేసింది. కాలీఫ్లవర్‌ని మెత్తగా మెదిపి వెన్న, జాజికాయ కలిపి బంగాళదుంప ముద్దలా పెట్టేది. పాలకూరలో పొగబెట్టిన పంది కొవ్వు, పైన సోయకూర. ఆవాలు ఇనపగుండుతో నూరి వెనిగర్‌లో నానబెట్టిన ముద్ద ఒక చిన్న గిన్నెలో ఎప్పుడూ బల్ల మీద ఉండేది. నేను ఒకసారి రుచి చూసి ఇంకో గరిటె అడిగాను. మొహం మాడ్చుకుని, ఇది పిల్లది అని పెనం పక్కకి లాగేసుకుంది.

ఎల్నా తింది. రెండోసారి అడిగి తింది. చిక్కినా లేచి తిరిగేది, పెరట్లో తాడాట ఆడేది. రోజూ పొద్దున బూయెల్ కిటికీ దగ్గర స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో పిల్ల ఉచ్చ పోసి, మందుల షాపు సీసాలోంచి చుక్కలు కలిపి కాచేది. చక్కెర లేకపోతే తేటగా ఉంటుంది. ఉంటే గోధుమరంగు తిరుగుతుంది, ఎక్కువుంటే నల్లబడుతుంది. తేటగా ఉన్న రోజు ఆ గొట్టాన్ని పెరటి కిటికీలోంచి నాకు ఎత్తి చూపించేది. అయిదు నెలలు అలా చూపించింది.

ఇక సిస్సా ముసలమ్మ సంగతి. మంచి మనిషి, మాట మెత్తన. చిన్నప్పుడు కరువేళ్లలో చెట్టు బెరడు పిండితో రొట్టె తిని బతికింది, ఇద్దరు తమ్ముళ్లని పోగొట్టుకుంది. ఆవిడ కళ్లముందు ఏదీ పారబోయడానికి వీల్లేదు. రొట్టె నలుసులు కూడా వేలు తడి చేసి ఏరుకునేది. మాలో ఎవరు మాత్రం కూర ఉడికిన నీళ్లు పారబోస్తారు? సూపులోకి పోస్తాం, లేదా పందికి. బూయెల్ మూడుసార్లు నీళ్లు వంపేస్తుంటే సిస్సా మొహం చూడలేకపోయేదాన్ని. "ఆ నీళ్లలోనే కదే సత్తువంతా పోయేది" అని నాతో గొణిగేది. వైద్యుడు పారబొయ్యమన్నాడు అని బూయెల్ చెప్పింది. ఎందుకో వివరంగా చెప్పలేదు. పందికి పోసుకోండి అంది. ముసలమ్మ సరేనంది.

మే నెలలో దుంప మొక్కలు పలచన చేసే పని వచ్చింది. బూయెల్ తెల్లారకముందే లేచి క్యాబేజీ ఉడికించి, పిండి, పిల్లకి మధ్యాహ్నానికి తిండి తీసిపెట్టి పొలానికి పోయేది. వారం తిరక్కుండా గొట్టం గోధుమరంగు తిరిగింది. ఆమె కూరని మళ్లీ తూచింది, నాలుగోసారి ఉడకబెట్టింది. రంగు ఇంకా ముదిరింది.

మా ఊళ్లో ఎవరికైనా ముందు తట్టేది ఒక్కటే. పిల్ల చక్కెర దొంగిలిస్తోంది. బూయెల్ గౌను జేబులు తిరగేసి చూసింది, పరుపు చింపి చూసింది. ఏమీ దొరకలేదు. సామాన్ల గదికి తాళం వేసి తాళంచెవి మెళ్లో వేసుకుంది. జేబులు కుట్టేసింది. బారులో పిల్లలందరినీ ఆపి ఎవరిచ్చారని నిలదీసింది. దాంతో ఊరంతా తెలిసింది, ఎల్నా దొంగ అని. పిల్లలు వెనకాల చక్కెర ఎలుక అని పిలిచేవారు. నా కొడుకు కూడా అన్నాడు. చెంప పగలగొట్టాను కానీ, నిజమనే నేనూ అనుకున్నాను.

ఒక పొద్దున గొట్టం నల్లబడింది. గోడ ఇవతల నాకు అంతా వినిపించింది.

"ఏం తిన్నావో చెప్పు."

"నువ్వు పెట్టిందే అమ్మా."

"గొట్టం అబద్ధమాడదు ఎల్నా."

"నేనేం తీయలేదు."

దెబ్బ వినిపించింది. తర్వాత ఇంకోటి. ఎల్నా అరవలేదు. ఆ రోజునుంచి బూయెల్ పిల్లని వంటింటి పక్క గదిలో పెట్టి బయట తాళం వేసి పొలానికి వెళ్లేది. నల్లబడితే ఒక రోజు పస్తు పెట్టమని వైద్యుడు చెప్పాడు. వారానికి ఒక పస్తు రెండైంది, మూడైంది.

ఆ తాళం వేసిన గది కిటికీ పెరట్లోకి ఉంటుంది. పదింటికి సిస్సా ఒక కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చేది. ఎల్నా చేతులు రెండూ చాపి తీసుకునేది. ఆ కప్పులో ఏముందో నాకు తెలుసు. క్యాబేజీ ఉడికిన మొదటి నీళ్లు, కాస్త ఉప్పు, కాస్త వెన్న. బట్టలారేస్తూ రోజూ చూశాను. పస్తున్న పిల్లకి వేడిగా ఏదో పోస్తోంది ముసలమ్మ, పోనీలే అనుకున్నాను. క్యాబేజీ పెట్టొచ్చన్నప్పుడు దాని నీళ్లకేం అనుకున్నాను. పస్తులు పెరిగేకొద్దీ కప్పులు పెరిగాయి. ఏం తిన్నావని తల్లి అడిగినప్పుడు, మెళ్లో తాళంచెవి చూస్తూ, ఆ పిల్లకి కూడా ఆ నీళ్లు గుర్తు రాలేదు. అవి దాని కూర నీళ్లే కదా.

అక్టోబరులో మిల్లు మళ్లీ మొదలైన వారం ఎల్నా లేవలేదు. ఊపిరి గట్టిగా, లోతుగా తీసేది. నోట్లోంచి మాగిన ఆపిల్ వాసన. బూయెల్ మంచం పక్కన కూర్చుని, చెప్తే కొట్టనమ్మా, ఎవరిచ్చారో చెప్పు, అని అడుగుతూనే ఉంది. పిల్ల చివరగా కళ్లు తెరిచినప్పుడు కూడా తల అడ్డంగా ఊపింది. రెండో రోజు మధ్యాహ్నం పోయింది. చివరికి ఎవరో కనిపెట్టిన ఆ మందు మా దేశానికి ఇంకో ఏణ్ణర్ధానికి వచ్చింది.

అంత్యక్రియలైన నాలుగో రోజు జల్లెడ తిరిగివ్వడానికి వెళ్లాను. బూయెల్ అలవాటు చొప్పున క్యాబేజీ ఉడికిస్తోంది. నీళ్లు వంపబోతుంటే సిస్సా బల్ల దగ్గర్నుంచి, "ఇప్పుడు పారబోసెయ్యమ్మా. ఇంకెవరికి దాచను?" అంది.

బూయెల్ గిన్నె పట్టుకునే ఉంది. "ఎవరికి దాచేవారు అత్తయ్యా?"

"పిల్లకే. నువ్వు పొలానికెళ్లాక రోజూ పోసేదాన్ని. ఎంత ఇష్టంగా తాగేదో. ఆమాత్రం సత్తువైనా ఒంట్లో పడిందని నాకదే తృప్తి." ముసలమ్మ కళ్లు తుడుచుకుంది.

బూయెల్ అటు తిరిగింది. తర్వాత గిన్నెలోంచి ఒక కప్పు నీళ్లు వంచి, ఉప్పేసి, వెన్నేసి, తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. "మీరు తాగండి. చలిగా ఉంది" అంది.

పెరట్లోకి వచ్చి కట్టెల కొట్టం వెనక వాంతి చేసుకుంది. నేను వెళ్లి పట్టుకున్నాను. అప్పుడే చెప్పేశాను, కప్పు నేనూ చూశానని. నన్ను తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

"క్యాబేజీ నీళ్లేగా అనుకున్నావు."

"ఊఁ."

"ఆవిడా అదే అనుకుంది. కూరలో చక్కెరంతా దిగేది ఆ నీళ్లలోకేనని నేనే సరిగ్గా చెప్పలేదు." నోరు తుడుచుకుని, "దాన్ని దొంగన్నాను బొతిల్డా. కొట్టాను. అది నిజమే చెప్పింది" అంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవరికీ చెప్పకు. టూవెకి కూడా. తెలిస్తే ఆవిడ బతకదు."

చెప్పలేదు. దానికి ఎంత ఖరీదో తర్వాత అర్థమైంది. ముసలమ్మని కాపాడితే పిల్ల దొంగగానే మిగిలిపోతుంది. టూవె తాగి వచ్చిన ప్రతిసారీ, ఒక చక్కెర గడ్డ కోసం ప్రాణం పోగొట్టుకుంది నా కూతురు అని ఏడ్చేవాడు. ఆరేళ్లు బూయెల్ పక్కనే కూర్చుని ఆ మాట విన్నది.

1927లో సిస్సా మంచం పట్టింది. చివరి పొద్దున నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడకి ఒక్కటే బెంగ. "ఎల్నాకి నేను పోసింది చాలలేదేమో. ఇంకో కప్పు పోసుంటే బతికేదేమో."

"చాలినంత పోశారు అత్తయ్యా" అంది బూయెల్, దుప్పటి సర్దుతూ.

పాతిపెట్టి వచ్చాక ఆనవాయితీ ప్రకారం బారంతా వాళ్లింట్లో భోజనానికి కూర్చుంది. బూయెల్ పెద్ద పళ్లెంలో గోధుమరంగు క్యాబేజీ తెచ్చింది, పాకం లేనిదే. చివరింటి హుల్డా రెండోసారి వడ్డించుకుంటూ, జాలిగానే, పిల్ల ఈ కూరతో సరిపెట్టుకుని చెయ్యి అదుపులో పెట్టుకునుంటే ఇవాళ పెళ్లీడుకొచ్చేదని అంది. టూవె తల దించుకున్నాడు.

బూయెల్ పళ్లెం బల్ల మీద పెట్టింది.

"ఎల్నా ఏమీ తీయలేదు" అంది. గొంతు పెంచలేదు. "ఒక్క గడ్డ కూడా. తప్పు నా వంటింట్లో జరిగింది. అది చెప్తూనే ఉంది, నేను నమ్మలేదు."

మరి గొట్టం ఎందుకు నల్లబడిందని హుల్డా అడిగింది. బూయెల్ సిస్సా కూర్చునే ఖాళీ కుర్చీ వైపు చూడలేదు, నా వైపు కూడా చూడలేదు. టూవె మాత్రం తలెత్తి భార్యనే చూస్తున్నాడు.

"మళ్లీ చెప్పు" అన్నాడు.

"తీయలేదు" అంది.