ఐర్లాండుల పోసిన ఒడిబియ్యం

ఆర్మూరుల మొగోళ్లు దుబాయి పోతరు, మస్కట్ పోతరు, అది పెద్ద ముచ్చట గాదు. గని దవాఖానల ఊడ్చే లసుమవ్వ, వేలిముద్ర తప్ప సంతకం రాని మనిషి, తొంబై నాలుగుల ఐర్లాండు పోయొచ్చింది. పసుపు మార్కెట్ల హమాలీలు నెల దినాలు దీని గురించే మాట్లాడుకున్నరు. ఐర్లాండు యాడుంటదో ఒక్కనికి ఎర్కలేదు, అయినా ప్రతోడు చెప్పెటోడే. ఎందుకు పోయిందంటే మాత్రం అందరు తప్పే చెప్పిండ్రు. ఆమె దేశాలు సూడ పోలే. యూనమ్మను ఎంటవెట్టుకొని రానీకి పోయింది.

యూనమ్మ అంటే ఐర్లాండుకాంచి వచ్చిన నర్సమ్మ. యూనా అని పేరు, ఆర్మూరోళ్ల నోట్ల పడి యూనమ్మ అయింది. ఊరి బయట రోడ్డు పొంటి మూడర్రల దవాఖాన ఒకటి నడిపేది. తెలుగు ఆమెకు పుస్తకం నేర్పలే, రోగాలోళ్లు నేర్పిండ్రు. అందుకే తిట్లు ముందు వచ్చినయి, మర్యాద మాటలు ఎనుక వచ్చినయి.

ఎనబైల, చలికాలం పోయే ముందట, ఎవలదో చేన్ల పసుపు ఉడుకవెడుతుంటే కడాయి ఒరిగి లసుమవ్వ ఎడమ కాలు మీద సలసల కాగే నీళ్లు పడ్డయి. కూలోళ్లు గడంచ మంచం మీద ఏసుకొని యూనమ్మ దగ్గరికి తెచ్చిండ్రు. నలబై దినాలు కట్లు కట్టింది. కాలు మానింది గని తీస్కపోనీకి ఎవ్వలు రాలే. ఎవలున్నరని వస్తరు? మొగడు రాజమల్లు బాయి తవ్వుతుంటే దరి కూలి సచ్చిపోయిండు, అప్పటికి లసుమవ్వకు పందొమ్మిదేండ్లు. తల్లిదండ్రులు ఎన్నడో పోయిండ్రు. అత్తగారోళ్లు ఎల్లగొట్టలే, అంత మాట అనొద్దు. ఉండుమని మాత్రం అనలే.

"పోనీకి యాడ లేకపోతే గీడనే ఉండు, ఊడ్వనీకి మనిషి కావాలె నాకు" అన్నది యూనమ్మ. అట్ల ఉండిపోయింది.

పొద్దూకి రోగులు పోయినంక ఇద్దరు మెట్ల మీద కూసోని చాయ తాగేది. యూనమ్మ పెట్టిన చాయ నల్లగ, చేదుగ ఉండేది. "చాయ కాదిది, కషాయం" అని లసుమవ్వ రోజు తిట్టేది, రోజు తాగేది. నవ్వుకునేది, కొట్లాడేది, మల్ల మాట్లాడుకునేది. లసుమవ్వ బతుకుల ఇగో గీ చాయ తాగిన కాలమే బతుకు, ముందటిది ఎనుకటిది అంత ఉత్తదే.

యూనమ్మకు ఒడిబియ్యం అంటే పానం. పక్క వాడల ఎవలింట్ల పోసినా పిలువకముందే పోయేది. ఆడబిడ్డ తల్లిగారింటికి వస్తే, అత్తగారింటికి తోలేటప్పుడు పీట మీద కూసోవెట్టి, పసుపు కలిపిన బియ్యం ఐదు దోసిళ్లు ఒడిల పోస్తరు. ఎండు కొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, రవికె బట్ట పెడుతరు. పోసుకున్న బిడ్డ లేసేటప్పుడు ఐదు గుప్పిళ్లు తీసి తల్లిగారింట్లనే పెట్టి పోవాలె, ఆ ఇల్లు ఖాళీ గావద్దని. మొగడు లేని ఆడిదానికి పొయ్యరు. అందుకని లసుమవ్వ గడప బయటనే నిలవడేది. లోపల కూసున్న యూనమ్మ ఆమె దిక్కే చూసుకుంట తినేది.

"నాకు పెండ్లి గాలే, నీకు మొగడు లేడు. ఇద్దరికీ ఎవ్వలు పొయ్యరే లసుమా" అనేది తర్వాత. అని నవ్వేది. "అయినా నాకు లెక్క తప్పలే. ఐర్లాండు తల్లిగారిల్లు, ఆర్మూరు అత్తగారిల్లు."

ఎనబై ఎనిమిదిల మోకాళ్లు పట్టుకున్నయి ఆమెకు. తమ్ముడు రమ్మని రాసిండు. "చూపిచ్చుకొని ఆర్నెల్లల్ల వస్త" అని పోయింది. ఆర్నెల్లు ఆరేండ్లు అయినయి. లసుమవ్వ ఆమె అర్ర రోజు ఊడ్చేది, వారానికొకసారి మంచం మీద దుప్పటి మార్చేది. కంపౌండర్ మత్తయి మందుల డబ్బాలకు జాగ లేక గోసపడేటోడు, అయినా ఆ అర్ర ఇయ్యలే. "రేపు ఆమె వస్తే నీ డబ్బాల మీద పండాల్నా?" అనేది.

తొంబై నాలుగుల టికెట్టు వచ్చింది. యూనమ్మ పంపింది, పదిహేను దినాలు ఉండి పొమ్మని. పాస్‌పోర్టు, వీసా, అన్నీ మత్తయే తిరిగి చేపిచ్చిండు. లసుమవ్వ మాత్రం తన పని తను చేసుకున్నది. రెండు సేర్ల బియ్యం చెరిగి, ఆర్మూరు పసుపు కలిపి, తెల్ల బట్టల మూట గట్టింది. కుడకలు, ఖర్జూరాలు, పచ్చ రవికె బట్ట పెట్టింది. ఆలోచన సక్కటిదే: యూనమ్మ తల్లిగారోళ్లకు రివాజు తెల్వది గనుక తనే పోస్తది. ఒడిబియ్యం పోసుకున్న బిడ్డ తల్లిగారింట్ల ఉండదు, అత్తగారింటికి రావాల్సిందే. ఇంక మాటల పని లేదు.

యూనమ్మ తమ్ముని ఇల్లు పల్లెటూర్ల, చుట్టు పచ్చిగడ్డి, ఆవులు. ఇంటోళ్లు మంచోళ్లే. నవ్వుతరు, గిన్నె నిండ ఆలుగడ్డలు పెడుతరు, మల్ల టీవీ దిక్కు తిరుగుతరు. యూనమ్మ ఎనుక అర్రల ఒక్కతే ఉంటది. తెలుగు మర్చిపోయి ఉంటదని లసుమవ్వ దారి పొడుగు ఫికర్ చేసింది గని ఒక్క మాట పోలే.

"ఎవలతోని మాట్లాడినవే గిన్నేండ్లు?"

"ఆవులతోని" అన్నది యూనమ్మ. పొద్దుగాల ఇద్దరు దడి దగ్గరికి పోతే "దా, దా, నీ ఒల్లు వలువ" అని ముద్దుగ తిట్టి పిలిచింది. నాలుగు ఆవులు తలకాయలు లేపి వచ్చినయి. లసుమవ్వ నవ్వింది, ఎనుక అర్రలకు పోయి ఏడ్చింది.

ఆ ఇంట్ల మూట విప్పనీకి జాగ దొరకలే. ఎప్పుడు చూసినా ఎవలో ఒకలు వంటర్రల ఉంటరు. ఆఖరు రెండు దినాలు డబ్లిన్ పట్నంల ఉందాం, సోమవారం పొద్దుగాల అక్కడికాంచే విమానం అన్నది యూనమ్మ. సరే, ఆడనే పోస్త అనుకున్నది లసుమవ్వ.

శనివారం మేడ బస్సెక్కిండ్రు. లసుమవ్వ వద్దన్నా వినక యూనమ్మ పై అంతస్తుకే ఎక్కింది. బస్సంత వినవడేటట్టు తెలుగుల ముచ్చట. ముందల కూసున్నాయన ఎనుకకు తిరిగి చూస్తే, "చూడని, ఆయనకేం తెలుస్తది, వాని బట్టతల గురించి అంటున్నమని" అన్నది యూనమ్మ. లసుమవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వి నవ్వి సచ్చింది. పదమూడు దినాలల్ల యూనమ్మను గింత జోరుగ సూడలే ఆమె.

పట్నం నడుమ నది, దాని మీద వంతెనలు. ఒక గల్లీల తోపుడు బండ్ల మీద పూలు, పండ్లు అమ్ముతున్నరు. లావుపాటి ముసలామె ఒకతి గొంతు చించుకొని ఒర్రుతుంది. అచ్చం మన అంగట్ల ఉల్లిగడ్డలమ్మే భాగ్యవ్వనే. లసుమవ్వ ఆమె ముందట నిలవడి చూస్తనే ఉన్నది, ఆమె ఊకెనే ఒక యాపిల్ పండు చేతుల పెట్టింది. ఇంకో దుకాణంల చిటికెడంత గాజు సీసల పసుపు కనవడ్డది. మూత తీపిచ్చి వాసన చూసి, "ఏండ్ల కిందిది, సచ్చిపోయిన పసుపు ఇది, దీన్ని అమ్మనీకి మీకు సిగ్గు లేదా" అని దుకాణపాయనను అడిగింది. యూనమ్మ దాన్ని ఇంగ్లీషుల వేరే ఏందో చెప్పినట్టున్నది, ఆయన దండం పెట్టిండు.

నది గోడ మీద కూసోని వేయించిన చేప, ఆలుగడ్డలు కాయితంల పెట్టుకొని తిన్నరు. తెల్లటి పెద్ద పిట్ట ఒకటి వచ్చి లసుమవ్వ చేతులకెల్లి చేప ముక్క గుంజుకపోయింది. "గీడ కాకులు గూడ తెల్లగనే ఉంటయా?" అన్నది లసుమవ్వ. గా మాటకు యూనమ్మ నవ్విన నవ్వుకు దగ్గొచ్చింది, వీపు రుద్దాల్సొచ్చింది.

సాయంత్రం బజార్ల ఒకాయన ఫిడేలు వాయిస్తుండె. యూనమ్మ చేతికట్టెతోని తాళం కొట్టింది. మల్ల కట్టె లసుమవ్వ చేతికిచ్చి రెండు అడుగులు ఆడింది. జనం సప్పట్లు కొట్టిండ్రు. మూడో అడుగుకు దీపం స్తంభం పట్టుకున్నది. మొకం మీద నవ్వు అట్లనే ఉన్నది గని పై పెదవి మీద చెమట వచ్చింది. ఆ చలిల చెమట. దవాఖానల పద్నాలుగేండ్లు రోగులను లేపి కూసోవెట్టిన లసుమవ్వకు అది నొప్పి చెమటని చెప్పాల్నా?

దిగిన లాడ్జిల పద్నాలుగు మెట్లున్నయి. యూనమ్మ మెట్ల మీద కూసోని, ఎనుకకు ఎనుకకు జరుగుకుంట ఒక్కో మెట్టు ఎక్కింది. "మా దేశపు రివాజు ఇది" అని పరాచకం చేసింది. కింద కట్టె పట్టుకొని నిలవడ్డ లసుమవ్వ నవ్వలే. ఆమెకు తెలిసింది. తెలుసుడు వేరు, ఒప్పుకునుడు వేరు. మూట ఉన్నది గద అనుకున్నది.

ఐతారం పొద్దుగాల చర్చికి పోయొచ్చిండ్రు. మధ్యాహ్నం వాన పట్టింది, అర్రలనే ఉన్నరు. లసుమవ్వ మూట విప్పి తువ్వాల మీద పెట్టింది. అర్రంత ఆర్మూరు వాసన కమ్ముకున్నది.

"ఎవలికే ఇవి?" అన్నది యూనమ్మ.

"నీకే. కుర్సీల కూసో, పొద్దుపొడుపు దిక్కు మొకం పెట్టి. మీ తమ్మునికి రివాజు తెల్వది, నేనే పోస్త. పోసినంక నువ్వు గీడ ఉండొద్దు. నాతోటి అత్తగారింటికి నడువు. టికెట్టు తిప్పలు మత్తయి పడుతడు. దుప్పటి మార్చే వచ్చిన నేను."

యూనమ్మ బియ్యం ముట్టి చూసింది, వేళ్లకు అంటిన పసుపు చూసుకున్నది. మల్ల కట్టె పట్టుకొని లేసి, లసుమవ్వ భుజం మీద చెయ్యేసి, ఆమెనే కుర్సీల కూసోవెట్టింది.

"నాకెందుకే, మొగడు సచ్చినదాన్ని, నాకు పొయ్యొద్దు."

"గా మాట నీ ఆర్మూరుల చెప్పు. ఇది నా తల్లిగారిల్లు. నా మాట నడుస్తది గీడ. కొంగు పట్టు."

లసుమవ్వ కొంగు పట్టింది. పట్టకుంట ఎట్లుంటది? ముప్పై ఏండ్లు గడప బయట నిలవడ్డ మనిషి. మొదటి దోసిలి పడ్డది. తొడల మీద బియ్యం సల్లగ, బరువుగ తగిలినయి. మా అవ్వ పోసినట్టే ఉన్నదని కండ్లల్ల నీళ్లు వచ్చినయి. రెండోది పడ్డది. మూడోది పడ్డంక సమజయింది ఆమెకు. పోసుకున్నామె పోతది. పోసినామె ఇంట్లనే ఉంటది. యూనమ్మ రాదు.

"సాలు, ఇంక పొయ్యకు" అని చెయ్యి పట్టుకున్నది.

"ఐదు పొయ్యకపోతే పోసినట్టు గాదు, నువ్వే చెప్పినవు." యూనమ్మ గొంతు మెల్లగైంది. "నేనొస్తే నువ్వు నన్ను ఎత్తి కూసోవెట్టాలె, ఎత్తి పండవెట్టాలె. నీకు పేషెంటును అయిత. నీ దోస్తును నేను. గట్లనే ఉండనియ్యే."

చెయ్యి ఇడిసింది లసుమవ్వ. మిగిలిన రెండు దోసిళ్లు పడ్డయి. లేసి, ఒడిలకెల్లి ఐదు గుప్పిళ్లు తీసి యూనమ్మ చేతి రుమాల్ల పోసి ముడేసింది. తల్లిగారిల్లు ఖాళీ గావద్దు గద. సోమవారం విమానం దగ్గర ఇద్దరు ఏడ్వలే. చాయ తాగిండ్రు. చేదుగనే ఉండె.

ఆర్మూరుకు వచ్చిన దినమే మత్తయిని పిలిచి, "ఆ అర్రల నీ డబ్బాలు పెట్టుకో" అన్నది. మూడో దినం ఒడిబియ్యం వండి వాడంత తిరిగి పిలిచింది. "నీకెవలు పోసిండ్రే?" అన్నది పక్కింటి సత్తవ్వ. "తల్లిగారోళ్లు" అన్నది. మొగడు లేనిదాని ఒడిబియ్యం తినుడేంది అనుకున్నరేమో, ఎవ్వలు రాలే. సత్తవ్వ గడప దాక వచ్చి, పిల్లలకు జ్వరమని తిరిగి పోయింది. గంజు నిండ అన్నం ముందట పెట్టుకొని లసుమవ్వ ఒక్కతే తిన్నది. మాపటికి మిగిలింది తెల్లారి గూడ తిన్నది.

ఆ తర్వాత మూడేండ్లు జాబులు వచ్చినయి. యూనమ్మ వంకర తెలుగు అక్షరాలు మత్తయి సదివేటోడు. తొంబై ఏడు వానకాలం పొట్లం ఒకటి వచ్చింది, పైన చేతిరాత కొత్తది. యూనమ్మ తమ్ముని పెండ్లాం పంపింది. లోపల ముడేసిన చేతి రుమాలు, ఇంగ్లీషుల జాబు. ముడి విప్పితే పచ్చటి బియ్యం. ఏందో తెల్వక, లసుమవ్వ వస్తువు అనుకొని, పాపం, మంచికే పంపినట్టున్నరు.

మత్తయి జాబు తెరిచి, రెండు లైన్లు చూసి, కండ్లద్దాలు తీసిండు.

"సదువకు మత్తయీ" అన్నది లసుమవ్వ. "ఎర్కైంది. తల్లిగారింట్ల పెట్టొచ్చిన బియ్యం ఇవి."

మెట్ల మీద కూసోని ఒడిల పోసుకొని కొలిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

"ఐదు గుప్పిళ్లు అట్లనే ఉన్నయి. ఒక్క గింజ సుత తియ్యలే, పిచ్చిది" అన్నది.