మస్తాన్ కారు పాట

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే మా అమ్మ అంబాసిడర్ కారు వెనక సీట్లో మహారాణిలా కూర్చునేది. కారు మాత్రం ఎక్కడికీ కదిలేది కాదు. మాచవరంలో మా ఇంటి ముందే, చెట్టు నీడన నిలబడి ఉండేది.

నాన్నను మేం అబ్బా అనేవాళ్ళం. ఊరికి ఆయన కారు బాడుగకు తిప్పే మస్తాన్. డిక్కీ తెరిచి, స్క్రూడ్రైవర్ పట్టుకుని వంగి ఉండేవాడు. ఆ డిక్కీలో ఒక ఆంప్లిఫయర్, పక్కన చెక్కతో చేయించిన పెద్ద బేస్ బాక్సు. వెనక అద్దం కింద రెండు చిన్న స్పీకర్లు... ఎనభైల్లో మా చుట్టుపక్కల ఏ కారులోనూ అంత హంగు లేదు మరి!

టేప్‌రికార్డర్ సౌండు ముప్పాతిక దాకా పెట్టి, ఆంప్లిఫయర్ మీది స్క్రూను మెల్లగా తిప్పేవాడు. పాడే మనిషి గొంతు బొంగురుపోయిందంటే ఎక్కువైనట్టు... కాస్త వెనక్కి. తర్వాత బేస్ బాక్సు వంతు.

"ఇప్పుడెట్టుంది?"

"ఏందయ్యా ఆ దడదడ! పాడే ఆమె గొంతు యాడుంది? తగ్గించు," అనేది అమ్మ.

అమ్మ "ఆఁ, చాలు" అన్నాకే స్క్రూ మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క పడేది, మళ్ళీ కదలకుండా. రంగుంటే నమాజు ముందు కడుక్కునే నీళ్ళు గోళ్ళకు తగలవని అమ్మ తన గోళ్ళకు ఏనాడూ రంగు వేసుకోలేదు. ఆ సీసా కారు కోసమే కొన్నది.

ఊళ్ళో రెండు పార్టీలు. తూర్పు బజారు ఒకటి, పడమటి బజారు ఒకటి. ఒకరి ఇంట్లో మంచినీళ్ళు ఇంకొకరు తాగరు. అయినా రెండు బజార్ల పెళ్ళిళ్ళకూ మా కారే! ఊరేగింపులో మా కారు పాట దూరాన వినపడగానే "అదిగో, మస్తాన్ కారొచ్చింది" అనేవాళ్ళు, చూడకుండానే. "నా కారుకు పార్టీ లేదు" అని అబ్బా గొప్పగా చెప్పుకునేవాడు.

పంచాయతీ ఎలక్షన్లొచ్చాయి... తూర్పు బజారు సాంబయ్య పెదనాన్న నిలబడ్డాడు. వరస కలిపి పిలవడమే గానీ, మా ఇల్లున్న స్థలం ఆయనది. ప్రచారానికి మా కారు కావాలన్నాడు.

"పార్టీలకు తిప్పనయ్యా, పెళ్ళిళ్ళకే," అన్నాడు అబ్బా.

"నువ్వు మనోడివి కాదా ఏందిరా మస్తానూ? మరి మా స్థలంలో ఎందుకుంటున్నావ్?" అన్నాడాయన నవ్వుతూనే. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంకేం చేస్తాడు? తిప్పాడు. సాంబయ్య గెలిచాక ఊరేగింపు కూడా అందులోనే. కుర్రాళ్ళు గోళ్ళరంగు గీకేసి స్క్రూలన్నీ చివరిదాకా తిప్పేశారు. పడమటి బజారులో, ఓడిపోయినవాళ్ళ గుమ్మాల ముందు కారు ఆపించి మరీ మోగించారు. పాట లేదు, గొంతు లేదు... ఒకటే దడదడ. బేస్ స్పీకరు చిరిగిపోయింది.

అప్పుడే, అక్కడే ఉండే కోటమ్మత్త గుమ్మంలోకి వచ్చిందట. వాళ్ళమ్మాయి పెళ్ళికి మా కారే మాట్లాడుకున్నారు. డ్రైవరు సీట్లో ఉన్న అబ్బాను చూసి, "నువ్వు కూడానా మస్తానన్నా..." అని తలుపేసుకుందట. ఇంటికొచ్చి ఆ మాట అమ్మకు చెప్పి అబ్బా ఏడ్చాడు.

ఆ పెళ్ళికి వేరే ఊరి కారొచ్చింది.

చిరిగిన స్పీకరును అబ్బా నరసరావుపేటలో బాగు చేయించుకొచ్చాడు. ఆదివారం అమ్మ మళ్ళీ వెనక సీట్లో కూర్చుంది. ఎంతసేపు తిప్పాడో... చివరికి అచ్చం పాత పాటే! "ఆఁ, చాలు," అంది అమ్మ. చుక్క పడింది.

అబ్బా మొహం ఎంత వెలిగిందో! నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, పాట పెట్టి, పడమటి బజారు వైపు తోలాడు. పాట బాగైతే అంతా బాగైపోతుందనుకున్నాడు, పిచ్చి మనిషి.

మేం మలుపు తిరుగుతుండగానే తలుపులు మూసుకోవడం మొదలైంది. "సాంబయ్య కారొస్తాంది, లోపలికి రావే!" అని ఒకామె అరుగు మీద ఆడుకునే కూతుర్ని కేకేసింది. చూడకుండానే...

అబ్బా చెయ్యి చాపి టేపు ఆపేశాడు. ఇంటికొచ్చి బేస్ బాక్సు ఊడదీశాడు. కారు అమ్మేదాకా అందులో మళ్ళీ పాట మోగలేదు.

ఇప్పుడు మా వీధిలో కార్లు కిటికీ అద్దాలు అదిరేలా మోగుతున్నాయి. ఏ కారు ఏ పార్టీదో వెనక అద్దం మీద బొమ్మే చెబుతుంది, ఎవరికీ సిగ్గు లేదు. మీ ఊళ్ళో కూడా అందరిదీ అనుకున్నది ఏదైనా ఇలా ఒకరిదైపోయిందా? అయ్యుంటే రాయండి... మా అబ్బా ఒక్కడికే ఇలా జరగలేదని తెలిస్తే నా కడుపుమంట కాస్త చల్లారుతుందేమో.