వేళ్లకు చుట్టే ప్లాస్టర్

“ఇంక పరుగెత్తొద్దు మా. మెల్లగానే రా,” అంది ఆంటీ ఫోన్‌లో. పోయిన మంగళవారం పొద్దున, ఆసుపత్రి దగ్గర ట్రైన్ దిగి మెట్లెక్కుతున్నాను. అంకుల్ పోయారని నాకు అలా తెలిసింది.

పని కోసం వచ్చిన ఈ దేశంలో, బిషాన్ అనే పేటలో, నేను గది అద్దెకు తీసుకుని ఉంటున్న ఇంటి యజమాని ఆయన; ఆంటీ ఆయన భార్య. వాళ్ల తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అందుకే ఆయన తెలుగులో తమిళమూ మలయ్ మాటలూ దొర్లేవి. నేను కంప్యూటర్లలో వై2కె తేదీలు సరిచేసే పని ముగించుకుని వస్తే, “మకాన్, అదే భోజనం, అయిందా మా? తిను ముందు. కంప్యూటర్ ఎక్కడికీ పారిపోదు లా,” అనేవారు.

ఆయన కాంగా వాయించేవారు. నడుమెత్తు ఉండే డ్రమ్, అరచేతులతో కొట్టాలి. డిస్కోలు జోరుగా ఉన్న కాలంలో ఒక హోటల్ నైట్‌క్లబ్‌లో వీళ్ల లాటిన్ బ్యాండ్ ఉండేదట. డిస్కో రికార్డులకు విరామం ఇచ్చినప్పుడు వీళ్లు ఎక్కి సల్సా అందుకునేవాళ్లు. ఆదివారం మధ్యాహ్నాల టీ డాన్స్ అంటే ఆయనకు ప్రాణం. “రాత్రిపూట జనం తాగడానికొస్తారు మా. మధ్యాహ్నం ఆడటానికే వస్తారు,” అనేవారు. అక్కడే ఆంటీ, కుట్టుపని చేసే స్నేహితురాళ్లతో వచ్చి, ఎవరితోనూ ఆడకుండా ఆయన చేతులనే చూస్తూ కూర్చుందట. “చేతులు కాదు, ఆ చొక్కా చూశా. అన్ని కుచ్చులు ఏ పిచ్చివాడు కుట్టాడా అని,” అనేది ఆంటీ.

నేను చూసే నాటికి బ్యాండ్ లేదు. అయినా ఆదివారం భోజనం కాగానే వేళ్లకు తెల్ల ప్లాస్టర్ చుట్టుకునేవారు, ఒక్కో వేలికి రెండు చుట్లు. చుట్టకపోతే చర్మం చీలుతుందట. నా చేతికి రెండు కర్రముక్కలు ఇచ్చేవారు. మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు దెబ్బలు. బ్యాండంతా ఆ కర్రల మీదే నడుస్తుందట. నేను తప్పేదాన్ని. తప్పి, కంగారులో ఇంకా గట్టిగా కొట్టేదాన్ని.

“తప్పావా, ఆగు. విను. మళ్లీ చోటు దొరుకుతుంది,” అనేవారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. అమ్మకు చదవడం రాదు. అందుకని ఉత్తరాలు రాయను, క్యాసెట్లలో మాట్లాడి పంపుతాను. అమ్మ టేప్‌రికార్డర్ మీద గోళ్లరంగుతో రెండు చుక్కలు పెట్టాను. ఎరుపు నొక్కితే మాట, పచ్చ నొక్కితే మళ్లీ మొదటికి. అమ్మకు అవి చాలనుకున్నాను.

మొన్న వర్షాకాలంలో ఖాళీ క్యాసెట్ కావాలంటే, “బిస్కెట్ డబ్బాలో ఉంటాయి, తీసుకో మా,” అంది ఆంటీ. చేతికందిన దానిమీద ఏ రాతా లేదు. అంచున, రికార్డు చెరిగిపోకుండా కాపాడటానికి, చిన్న బిళ్ల విరిచేసి ఉంది. మా ఊళ్లో అందరం చేసే పనే చేశాను. అంకుల్ ప్లాస్టర్ చుట్టలోంచి ముక్క చింపి, మళ్లీ రికార్డయ్యేలా ఆ కంతకు అంటించి, అరగంట మాట్లాడి, పోస్టు చేసేశాను.

ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో చేరాక అంకుల్ అడిగింది ఒక్కటే. “డబ్బాలో పేరు లేని క్యాసెట్ ఉంటుంది. క్లబ్ మూసేసిన ఆదివారం మేం వాయించింది. ఒకసారి వింటా మా.”

దానిమీదే మాట్లాడి అమ్మకు పంపేశానని మంచం పక్కన నిలబడి చెప్పేశాను.

“సైడ్ అంతా మాట్లాడావా?”

“తెలీదు అంకుల్.”

“అమ్మని అడుగు. చివర్లో మావాళ్లు మిగిలారేమో.”

ఊళ్లో ఫోన్ బూత్‌కు అమ్మను పిలిపించాను.

“నీ మాటలైనంక ఏవో డప్పుల సప్పుడొస్తది బిడ్డా. ఖరాబైందేమో అనుకున్న. అయినా రోజూ ఇంటున్న.”

“దాన్ని వెంటనే పంపించమ్మా!”

“నీ గొంతు పంపిస్తే నాకేముంటది?”

బతిమాలాను. మరునాడు పోస్టు చేస్తానంది. కానీ ఆ సాయంత్రమే డాక్టర్, అంకుల్ మహా అయితే రెండు రోజులే ఉంటారన్నారు. పోస్టు అందదు. టేప్‌రికార్డర్‌తో సహా బూత్‌కు రమ్మని అమ్మకు మళ్లీ ఫోన్ చేశాను. నా ఫోన్ అంకుల్ చెవికి ఆనించి పట్టుకున్నాను.

“ముందుకు తిప్పమ్మా!”

“ఏది నొక్కాలె? నువ్వు రెండు సుక్కలే పెడితివి.”

అందుకని నా గొంతే మొదలైంది. ‘అమ్మా, బాగున్నా. ఇక్కడొక అంకుల్ ఉన్నారు, నాకు కర్రలు కొట్టడం నేర్పుతున్నారు...’ ఫోన్‌లోంచి సన్నగా, ఆపకుండా. నా మాటలు నాకే అంత భారమవుతాయని ఎన్నడూ అనుకోలేదు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. చెయ్యి మారుస్తూ పట్టుకున్నాను. ఇరవై నిమిషాలు దాటాయి. లైన్ తెగింది.

పిచ్చిదానిలా బూత్ నంబరు నొక్కుతూనే ఉన్నాను. మళ్లీ కలిసేసరికి అమ్మ అంది: “నువ్వు సరిగ ఇనలేదేమో అని మళ్ల మొదటికి తిప్పిన బిడ్డా.”

అమ్మనేం అనగలను? ఎర్ర చుక్క నొక్కమన్నాను. నా మాటలు అయిపోయేలోపే నర్సు వచ్చి ఆయనకు మాస్క్ పెట్టి, నన్ను పక్కకు జరగమంది. రాత్రికి నేను గదికి వచ్చేశాను, తెల్లారి ఆంటీ ఆ ఫోన్ చేసింది.

ఆ తర్వాత అమ్మ పోస్టు చేసిన క్యాసెట్ నిన్న వచ్చింది. నేను ముందుకు తిప్పబోతే ఆంటీ చెయ్యి పట్టుకుంది. “ఉండనీ మా. ఆయన విన్నంతా నేనూ వింటా.” అరగంట నా మాటలే విన్నాం. తర్వాత టక్‌మని శబ్దం, జనం ఈలలు, కాంగా. రెండు నిమిషాలైనా లేదు. మధ్యలో ఎవరో నవ్వారు. “ఆయనే,” అంది ఆంటీ. టేపు అయిపోయింది.

క్యాసెట్ తీసి, కంతకు నేను అంటించిన ప్లాస్టర్ గోటితో పీకేశాను. ఇంక దీనిమీద ఎవరూ మాట్లాడలేరు. ముక్క ఊడివచ్చింది కానీ జిగురు నా వేలికే ఉండిపోయింది. ఎంత రుద్దినా వదలడం లేదు.